ఎడమ చేతిలో పాప చెప్పు

మా కాలనీ మైదానంలో ఒక ఆడమనిషి బాగా ఆడితే "మొగోని లెక్క కొడుతది" అంటారు. అన్నవాడు తాను మెచ్చుకున్నాననే అనుకుంటాడు. విన్న ఆమె నవ్వి ఊరుకోవాలి. పెళ్లయి ఈ బొగ్గుగనుల ఊరికి వచ్చిన కొత్తలో ఆ మాట మొదటిసారి విన్నాను. ఇప్పుడు మా పాపకు నాలుగో ఏడు. పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్న ఈ వేళకు కూడా ఆ మాట గుర్తొస్తే ఒళ్లు మండుతూనే ఉంది.

ఆ మాట అనిపించుకున్నది మా వరుసలో చివరి క్వార్టర్‌లో ఉండే అక్క. ఆమె ఆట బాల్ బ్యాడ్మింటన్. తెలియని వాళ్ల కోసం చెబుతాను. షటిల్ లాంటిదే, కానీ ఈకల కాక్ ఉండదు, పసుపుపచ్చ ఊలు బంతి ఉంటుంది. వలకు ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఆరుబయట మట్టి కోర్టులో ఆడతారు. బంతి నేలను తాకకముందే కొట్టాలి. ఊలు బంతి కాబట్టి రాకెట్‌తో కోసినట్టు కొడితే గాలిలో వంకర తిరుగుతుంది. మంచు కురిసిన పొద్దున తడిసి బరువెక్కి, కొట్టినవాళ్ల మీద కోపం వచ్చినట్టు వల ముందరే పడిపోతుంది.

నాది జమ్మికుంట. డిగ్రీ కరీంనగర్‌లో, హాస్టల్లో ఉండి చదివాను. కాలేజీ జట్టులో నేనూ ఉన్నాను. ఉన్నాను అంటే, ఎవరికైనా కాలు బెణికితే దింపడానికి పక్కన కూర్చోబెట్టిన మనిషిని. ఎవరి కాలూ బెణకలేదు. నీళ్ల సీసాలు మోసి, చప్పట్లు కొట్టి, డిగ్రీ పట్టా పుచ్చుకుని, పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చాను. ఆట కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

మా క్వార్టర్ వెనక గోడ దగ్గర నిలబడితే మైదానం కనిపిస్తుంది. సాయంత్రం మగవాళ్లు డ్యూటీ దిగి వచ్చేదాకా కోర్టు ఆడవాళ్లది. వాళ్లు రాగానే ఖాళీ చేయాలి. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ అడగలేదు, అట్లా నడిచిపోతోంది. ఆట మధ్యలో ఉన్నా సరే, ఇద్దరు మగవాళ్లు రాకెట్లు పట్టుకుని గీత దగ్గర నిలబడితే చాలు, ఆడవాళ్లు బంతి అందించి చెప్పులేసుకుంటారు. గోడ ఇవతల పాపను చంకనేసుకుని ఇది ఎన్నోసార్లు చూశాను. అక్క మాత్రం వెళ్లేముందు చివరి బంతిని కావాలని వాళ్ల వైపు కోసి కొట్టేది. అది వంకర తిరిగి వాళ్ల కాళ్ల మధ్య నుంచి పోయేది. అప్పుడే అనేవాళ్లు, "మొగోని లెక్క కొడుతది" అని.

అక్క చీర మీద ఆడుతుంది. కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకుని, కొంగు చుట్టి నడుముకు చెక్కుకుని, కాళ్లకు క్యాన్వాస్ బూట్లు. నలభై దాటిన మనిషి, చుట్టూ ఉన్న ఇరవై, పాతికేళ్ల వాళ్లకంటే ముందు బంతి దగ్గర ఉంటుంది. పరుగెత్తినట్టే ఉండదు. బంతి ఎక్కడ పడబోతుందో అక్కడ అప్పటికే నిలబడి, "ఏం లేటు చేసినవ్?" అని బంతిని అడుగుతున్నట్టు ఉంటుంది. రాకెట్ కుడిచేతిలో. ఎడమ చెయ్యి ఎప్పుడూ నడుము మీద.

ఆ ఎడమ చేతిని నేను చాలా గమనించాను. మొత్తం తప్పంతా అక్కడే జరిగింది.

ఆడాలని ఉందని మొదట మా ఆయనతో చెప్పాను. "ఆడుకో, ఎవలు వద్దన్నరు?" అన్నాడు. అత్తమ్మ మాత్రం అడిగింది.

"గింత పిల్లను పెట్టుకొని ఆటలేందే?"

"పిల్లను తీస్కపోత అత్తమ్మా."

"తీస్కపో. నేనేమన్న వద్దన్ననా?"

ఎవరూ వద్దనలేదు. ఈ మాట దగ్గర నాకు మండిపోతుంది. ఎవరూ వద్దనరు, ఎవరూ పిల్లను పట్టుకోరు. మా ఆయన సాయంత్రం వాలీబాల్‌కి పోయేటప్పుడు "పాప జాగ్రత్త" అని నాకు చెప్పి పోతాడు. నేను పోయేటప్పుడు కూడా "పాప జాగ్రత్త" అని నాకే చెబుతాడు. ఆడుకోవడానికి అనుమతి ఇచ్చేశాం కదా అన్న తృప్తి ఇంట్లో అందరికీ ఉంది. పాప చెయ్యి మాత్రం నా చేతిలోనే ఉంది.

సరే, పాపను తీసుకునే వెళ్లాను. మైదానం అంచున సిమెంటు బెంచీ ఉంది. దాని మీద కూర్చోబెట్టి, చేతిలో బిస్కెట్ పెట్టి, "ఇక్కన్నే ఉండాలె" అని చెప్పి కోర్టులోకి దిగాను. నేను స్వతహాగా భయస్తురాలిని. మైదానం దాటితే రోడ్డు, రోడ్డు మీద బొగ్గు లారీలు. బంతి నా వైపు వస్తుంటే నా తల బెంచీ వైపు తిరిగేది. బంతి నా భుజానికి తగిలి కిందపడేది. "ఓ చెల్లే, బంతి ఇటు దిక్కు ఉన్నది" అని అక్క అరిచేది. అందరూ నవ్వేవాళ్లు.

మిగిలిన నలుగురూ చాలా ఏళ్లుగా ఆడుతున్నవాళ్లు. ఐదో ఆమె భర్తకు బదిలీ అయి వెళ్లిపోవడంతో ఒక చోటు ఖాళీ అయింది. వెనక ఎడమవైపు చోటు. ప్రతి చలికాలం కాలనీ పోటీలు జరుగుతాయి. పక్క కాలనీ వాళ్లు కూడా వస్తారు. ఆ పోటీల్లో ఆ వెనక చోటులో నేను నిలబడాలి. నాకు కావాల్సింది అంతే. నీళ్ల సీసాలు మోసిన మనిషికి అదేమంత చిన్న కోరిక కాదు.

అక్కను అడిగాను. "అక్కా, నన్ను తీసుకుంటవా?"

"ఆట జూసి తీసుకుంట. మొఖం జూసి తీసుకోను," అన్నది. "ఇంక దినాలున్నయి. నేర్చుకో."

అందుకని నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఎట్లా? అక్కను చూసి. ఫోన్ బెంచీ మీద పాప నీళ్ల సీసాకు ఆనించి వీడియో తీసేదాన్ని. ఇంటికొచ్చి పప్పు ఉడుకుతుండగా దాన్ని మెల్లగా నడిపిస్తూ చూసేదాన్ని. పాప "అమ్మా, పెద్దమ్మ మల్లొచ్చింది" అనేది. అక్క రాకెట్ ఎప్పుడు లేపుతుంది, మణికట్టు ఎక్కడ తిప్పుతుంది, అన్నీ చూశాను. ప్రతి దెబ్బకూ ఒకటి మాత్రం మారలేదు. ఎడమ చెయ్యి నడుము మీద, వేళ్లు లోపలికి ముడిచి, మోచెయ్యి వెనక్కి.

నేను బీఎస్సీ చదివినదాన్ని. ఊరికే వదిలిపెడతానా? శరీరానికి ఒక గురుత్వ కేంద్రం ఉంటుంది, అది కదలకుండా ఆ చెయ్యి కాపాడుతోంది, అందుకే అక్క అంత నిలకడగా కొడుతోంది అని తేల్చుకున్నాను. ఇంట్లో అద్దం ముందు చపాతీ కర్ర పట్టుకుని అభ్యాసం చేశాను. ఎడమ చెయ్యి నడుము మీద, మోచెయ్యి వెనక్కి. అత్తమ్మ గుమ్మంలో నిలబడి, "ఎవలతోని కొట్లాట?" అని అడిగింది.

కొన్ని వారాలకు చెయ్యి దానంతటదే నడుము మీదికి పోవడం మొదలైంది. ఎంత సంతోషించానో! ఎదురుగా వచ్చే బంతులు బాగానే కొడుతున్నాను. కానీ తల మీదుగా వెనక్కి పోయే ఎత్తు బంతి మాత్రం ఎంత చేసినా అందడం లేదు. వెనక చోటులో నిలబడేవాళ్లకు వచ్చేవే ఆ బంతులు. నడుము ఇంకా గట్టిగా పట్టుకోవాలేమో అనుకుని గట్టిగా పట్టుకున్నాను. ఇంకా అందలేదు.

ఒక సాయంత్రం అక్క ఆట ఆపేసింది. వల కింద నుంచి వంగి నా వైపు వచ్చింది.

"చెల్లే, గా చెయ్యేంది?"

"ఏ చెయ్యక్కా?"

"ఎడమ చెయ్యి. నడుము నొస్తుందా ఏంది? కాన్పు నొప్పులు ఇంక పోలేదా?"

"లేదక్కా. నువ్వు పెడ్తవు కదా."

"నేనేం పెడ్త?"

"చెయ్యి. నడుము మీద. బ్యాలెన్స్ కోసం."

అక్క తల దించి తన ఎడమ చేతిని చూసుకుంది. అది అప్పుడు కూడా నడుము మీదే ఉంది. ఒక్క క్షణం ఎవరి చెయ్యో చూసినట్టు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కింద కూర్చుంది.

"ఓ, ఇటు రాండ్రే! గీ డిగ్రీ పిల్ల ముచ్చట ఇనుండ్రి! బ్యాలెన్స్ అట!" అని మిగతావాళ్లను పిలిచింది. వాళ్లూ వచ్చి నవ్వారు. ఏం తప్పు చేశానో తెలియక నేను కూడా నవ్వాను.

"పిచ్చిదానా," అన్నది అక్క కళ్లు తుడుచుకుంటూ, "అది ఆట కాదే. కొంగు."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"కొంగు జారకుంట పట్టుకుంటనే. అంతే. అండ్ల ఆట లేదు, గీట లేదు."

మిగిలినవాళ్లు నీళ్లు తాగడానికి వెళ్లారు. అక్క మాత్రం నేల మీదే కూర్చుని బూటు దారాలు విప్పి మళ్లీ కట్టుకుంటూ చెప్పింది. అడిగితే చెప్పే మనిషి కాదు, అడగలేదు కాబట్టి చెప్పింది.

"మా అవ్వగారింట్ల ఉన్నప్పుడు లంగ ఓణి మీద ఆడిన. బడిల పోటీలకైతే నిక్కర్లే. ఎవలేమనలే. పెండ్లయినంక మా మామ అన్నడు, ఆడుకో బిడ్డా, ఎవలు వద్దన్నరు, గని చీరె మీద ఆడు అని. సరే అన్న. చీరె మీదనే ఆడిన. ఒకసారి గీ పోటీలల్లనే ఎనక బంతికి ఎగిరిన. పిన్ను ఊడింది. కొంగు జారింది. మైకు పట్టుకున్నోడు ఊకుంటడా? 'తెర లేచింది, ఇప్పుడు ఆట సురువైంది' అన్నడు. మైదానం మొత్తం నవ్వింది. మా ఆయన గూడ ఉండె అండ్ల."

"బావ ఏమన్నడక్కా?"

"ఏమంటడు? గాయన గూడ నవ్విండు." దారం బిగించి ముడి వేసింది. "ఇంటికొచ్చినంక కోపం చేసిండు. నా మీద."

అక్క రెండో బూటు దారం విప్పింది.

"అప్పటి సంది గీ చెయ్యి గీన్నే ఉంటది. పొయ్యి మీద చాయ్ పెట్టినా గీన్నే. నైటీ ఏసుకున్నా గీన్నే. నాకు యాది గూడ లేదు, నువ్వు చెప్పేదాక."

తర్వాత లేచి మట్టి దులుపుకుని, అసలు సంగతి చెప్పింది. ఎత్తు బంతి కొట్టాలంటే ఎడమ చెయ్యి పైకి లేవాలట. చెయ్యి లేస్తేనే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితేనే రాకెట్ వెనక్కి పోతుంది. మరి ఆమె ఎట్లా కొడుతోంది? కాళ్లతో. భుజం తిరగదు కాబట్టి అందరికంటే ముందే బంతి వెనక్కి పోయి నిలబడుతుంది. "సూస్తే నా కాళ్లు సూడాలె గని, చెయ్యి సూస్తవా?" అన్నది.

ఆ రోజు ఇంటికి వెళ్లి కూరగాయలు తరుగుతుంటే నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. బీరకాయను కట్టెను నరికినట్టు నరికాను. నా మీద కాదు ఆ కోపం. చెయ్యి కట్టేసుకుని ఇంత ఆట ఆడిన మనిషి, చెయ్యి వదిలేస్తే ఎంత ఆడేది! ఆ లెక్క ఎవరు చెబుతారు? కట్టేసిన చేతిని చూసి మైదానమంతా "మొగోని లెక్క" అన్నది. ఏ మగవాడు ఒక చేత్తో తన బట్ట పట్టుకుని ఆడాడు? ఒక్కణ్ని చూపించమనండి. అన్నిటికంటే మంట పుట్టించింది ఏమిటంటే, ఆ సంకెల నాకు ఎవరూ వెయ్యలేదు. నేను పంజాబీ డ్రెస్ మీద, చున్నీని ముడేసుకుని ఆడుతున్నదాన్ని. నాకు జారే కొంగే లేదు. అయినా ఆమె భయాన్ని విద్య అనుకుని, వీడియో తీసుకుని, అద్దం ముందు నిలబడి మరీ నేర్చుకున్నాను. ఎవరో పాతికేళ్ల కింద మైకులో వేసిన ఒక జోకు వచ్చి నా మోచేతిలో కూర్చుంది.

నేర్చుకున్నది మరిచిపోవడం నేర్చుకోవడం కంటే కష్టం. చెయ్యి తీసెయ్యి అనుకుంటాను, బంతి రాగానే నడుము మీద ఉంటుంది. అక్క విసిగిపోయింది. "పోటీలు మీదికొస్తున్నయి. చెయ్యి దియ్యకుంటే జాగ ఇయ్య," అని మొహం మీదే చెప్పింది. దానికితోడు నా తల బెంచీ వైపు తిరిగే జబ్బు కూడా పోలేదు.

మరుసటి రోజు అక్క సరాసరి బెంచీ దగ్గరికి పోయింది. పాప కాలి నుంచి ఎడమ చెప్పు తీసింది. గులాబి రంగు రబ్బరు చెప్పు, మీద ఒక పువ్వు. తెచ్చి నా ఎడమ చేతిలో పెట్టింది.

"పట్టుకో. కింద పడెయ్యకు."

"ఏందక్కా ఇది?"

"నీ చెయ్యికి పని దొరికింది. నీ పిల్లకు ఉరుకుడు బందయింది. ఒక్క చెప్పుతోని ఈ కంకర మీద ఎంత దూరం పోతది?"

నిజంగానే పాప బెంచీ దిగి రెండడుగులు కుంటి, "అమ్మా, గుచ్చుకుంటుంది" అని మళ్లీ ఎక్కి కూర్చుంది. చేతిలో చెప్పు ఉంటే చెయ్యి నడుము మీద ఆనదు. చెప్పుకు మట్టి అంటుకుని ఉంటుంది కదా, బట్టలకు అంటుతుందని అదే దూరంగా పోతుంది. ఎత్తు బంతి వచ్చినప్పుడు చెప్పు పట్టుకున్న చెయ్యి పైకి లేచింది. భుజం తిరిగింది. బంతి అటు చివరి గీత దగ్గర పడింది. "హా, గదీ!" అని అక్క అరిచింది. బెంచీ వైపు చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. పాప ఎటూ పోలేదని నా చేతికి తెలుసు.

పోటీలకు కొన్ని రోజుల ముందు అక్క అందరి ముందూ అన్నది, "ఎనక ఎడమ దిక్కు ఈ చెల్లె." అంతే. చిన్న మాట. నేను బూటు దారం కట్టుకుంటున్నట్టు వంగి కాసేపు లేవలేదు.

ఆ వారంలోనే కాలనీ వాట్సాప్ గ్రూపులో పోటీల కమిటీ సందేశం వచ్చింది. మహిళల బాల్ బ్యాడ్మింటన్ సాంప్రదాయ దుస్తుల్లో, అనగా చీరల్లో మాత్రమే. కింద దండాలు పెట్టే బొమ్మలు, గులాబీ పువ్వులు. చాలామంది బొటనవేళ్లు ఎత్తారు. వాళ్లలో మా ఆయన కూడా ఉన్నాడు. అడిగితే, "చదవలే, ఊకెనే నొక్కిన" అన్నాడు.

అత్తమ్మకు చెప్పాను. "చీరె మీద ఆడితే ఏమాయె? మేం చీరె మీదనే నాట్లేసినం, కలుపు తీసినం," అన్నది. అబద్ధం కాదు. ఆమె మోకాళ్లు ఇప్పటికీ ఆ బురదను మోస్తున్నాయి.

"నాట్లేసేటప్పుడు పక్కన మైకు పట్టుకొని ఎవలన్న ఉన్నరా అత్తమ్మా?"

అత్తమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంది. ఒక రాయి తీసి పక్కన పడేసి, "గది లేకుండె," అన్నది.

మేం ఐదుగురం కమిటీ ఆయన దగ్గరికి పోయాం. గనిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. కాలనీ అంతా కాకా అంటుంది. షామియానా గుంజలు పాతిస్తున్నాడు. నేనే మాట్లాడాను.

"కాకా, మేం ట్రాక్ ప్యాంట్లు, టీషర్టుల మీద ఆడుతం."

"అమ్మా, మన పద్ధతులు మనకుంటయి కద. నలుగురు సూస్తరు."

"సూడనీయుండ్రి కాకా. ఆట సూడనీకే కదా పెట్టేది?"

"గట్ల గాదు బిడ్డా. పోరగాండ్లు ఫోన్లల్ల తీస్తరు. తర్వాత మీరే పరేషాన్ అయితరు."

"మరి తీసెటోళ్లకు చెప్పుండ్రి. మాకెందుకు చెప్తుండ్రు?"

ఆయన గుంజ పాతేవాళ్ల వైపు తిరిగి, "జర లోతుకు తొవ్వుండ్రిరా" అన్నాడు. అప్పుడు అక్క ముందుకు వచ్చింది.

"సరే కాకా. చీరెలే కడ్తం. గని మొగోళ్లు గూడ పద్ధతిగ రావాలె. పంచె కట్టుకొని, కండువ ఏసుకొని ఆడుండ్రి. కండువ జారితే మైకుల మేం మాట్లాడుతం."

గుంజలు పాతేవాళ్లు పలుగులు వదిలి నవ్వారు. కాకా కూడా నవ్వాడు. నవ్వడంలో ఆయనకు లోటేమీ లేదు. నవ్వి, సాయంత్రానికి గ్రూపులో ఇంకో సందేశం పెట్టాడు. మహిళల బాల్ బ్యాడ్మింటన్ రద్దు, దాని బదులు మహిళలకు మ్యూజికల్ చైర్స్. మళ్లీ గులాబీ పువ్వులు.

పోటీల రోజు నేను వెనక గోడ దగ్గరే నిలబడ్డాను. పాప గోడ ఎక్కి చూస్తానంటే ఎత్తుకున్నాను. మగవాళ్ల ఫైనల్ అయింది. తర్వాత చీరల్లో ఆడవాళ్లు కుర్చీల చుట్టూ తిరిగారు. వాళ్ల మీద నాకేమీ కోపం లేదు. పాట ఆగినప్పుడల్లా మైకు, "వదినా, కుర్చి ఇరుగుతది, మెల్లగ!" అంటోంది. జనం నవ్వుతున్నారు. అయిదుగురు ఆడవాళ్లు పద్ధతిగా లేరని ఆటనే తీసేసిన పద్ధతి అది. కోర్టులో సున్నంతో కొత్తగా వేసిన తెల్లగీతలు తళతళా మెరుస్తున్నాయి. ఆ వెనక ఎడమవైపు చోటు నా కళ్ల ముందే ఖాళీగా ఉంది. కాలేజీలో ఎవరి కాలూ బెణకక ఆగిపోయాను, ఇక్కడ ఏ కారణంతో ఆగిపోయానో చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది అనిపించింది. సిగ్గుపడాల్సింది నేనా?

చీకటి పడుతుండగా అక్క గోడ అవతలికి వచ్చింది.

"పక్క కాలనీ వాళ్లకు ఫోన్ చేసిన. రేపు పొద్దున ఆటోల వస్తరట. గీతలు ఎట్లాగు ఉన్నయి. గీతలకు కమిటీ తాళమేసిందా?"

మరునాడు ఆదివారం. మంచు ఇంకా విడవలేదు. షామియానా సగం విప్పి ఉంది, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పక్క కాలనీ వాళ్లు ఐదుగురు చున్నీలు తలకు చుట్టుకుని ఆటోలోంచి దిగారు. నేను కాలేజీ నాటి ట్రాక్ ప్యాంటు వేసుకున్నాను. కాన్పు తర్వాత బిగుతైంది, అయినా వేసుకున్నాను. పాపను బెంచీ మీద కూర్చోబెట్టాను. నా ఎడమ చేతికి ఇప్పుడు చెప్పు అక్కర్లేదు కాబట్టి రెండు చెప్పులూ దాని కాళ్లకే ఉంచాను. ఎప్పుడూ లేనిది, కాసేపటికి అత్తమ్మ శాలువా కప్పుకుని వచ్చి పాప పక్కన కూర్చుంది. "చాయ్ కాడ ఊకెనే కూసున్న, గిట్లొచ్చిన" అన్నది, ఎవరూ అడగకముందే.

అక్క చివరికి వచ్చింది. కొడుకు ట్రాక్ ప్యాంటు, అంచులు రెండు మడతలు పెట్టి. మీద వదులు టీషర్టు. పెళ్లయినాక చీర లేకుండా మైదానంలోకి రావడం ఆమెకు అదే మొదటిసారి. అందరం ఆమెనే చూశాం. "ఏం సూస్తుండ్రు? మనిషినే," అన్నది.

ఆట మొదలైంది. అక్క మధ్యలో, నేను వెనక ఎడమవైపు. మొదటి బంతి అక్క వైపే వచ్చింది. అక్క వదిలేసింది. రెండోది వల్లో కొట్టింది. నేను ఆమె వెనకే ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. బంతి వచ్చినప్పుడల్లా ఆ ఎడమ చెయ్యి నడుము దగ్గరికి పోతోంది, పట్టుకోవడానికి ఏమీ దొరక్క టీషర్టును వెతుకుతోంది. అది దొరికేలోపు బంతి దాటిపోతోంది. చీర ఉన్నప్పుడు చేతికి తన చోటు తెలుసు. ఇప్పుడు చీర లేదు, చెయ్యి మాత్రం ఇంకా కొంగు కోసమే వెతుకుతోంది. ఇన్నేళ్లుగా మైదానంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఇప్పుడు ఎదురు జట్టులోని పిల్ల కూడా జాలిగా చూస్తోంది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఒక మనిషికి బట్ట వదిలినా ఆ పట్టు వదలకుండా చేసిపెట్టిన వాళ్లంతా ఈ పొద్దున ఇళ్లలో వెచ్చగా పడుకుని ఉన్నారు.

"నేను పక్కకు కూసుంట. ఇంకెవలన్న రాండ్రి," అన్నది అక్క.

నేను బెంచీ దగ్గరికి పరుగెత్తాను. పాప కాలి నుంచి ఎడమ చెప్పు లాగాను. "అమ్మా, నాది!" అని పాప అరిచింది. తెచ్చి అక్క ఎడమ చేతిలో పెట్టాను.

"పట్టుకో అక్కా. కింద పడెయ్యకు."

అక్క దాన్ని చూసింది, నన్ను చూసింది. గులాబి రంగు, మీద పువ్వు. "నాకే సదువు చెప్తవా?" అన్నది. కానీ పట్టుకుంది.

తర్వాతి ఎత్తు బంతికి ఆ చెయ్యి లేచింది. చెప్పుతో సహా ఆకాశంలోకి లేచింది. ఆమె భుజం అట్లా తిరగడం నేను ఏ వీడియోలోనూ చూడలేదు. బంతి వంకర తిరుగుతూ పోయి అటు మూల గీత మీద పడింది. మంచుకు తడిసిన బంతి, అయినా అంత దూరం పోయింది. ఎదురు జట్టువాళ్లే "అబ్బా!" అన్నారు. అత్తమ్మ శాలువాలోంచి చేతులు తీసి చప్పట్లు కొట్టింది.

గెలిచామో ఓడామో చెప్పకుండా దాటేయడం నాకు నచ్చదు. ఓడిపోయాం. మొదట్లో పోయిన పాయింట్లను అందుకోలేకపోయాం. వెనక ఎడమవైపు వచ్చిన ఎత్తు బంతుల్లో నేను వదిలినవి తక్కువ. అది కూడా చెప్పాలి, నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు, ఆ రోజు మైకు లేదు. ఓడాక పక్క కాలనీ వాళ్లే ఇంకో ఆట ఆడదామన్నారు.

ఆ రెండో ఆట నడుస్తుండగా కాకా నడకకు వచ్చాడు, మఫ్లర్ చుట్టుకుని. గీత దగ్గర ఆగాడు. కాసేపు చూశాడు. ప్యాంట్ల సంగతి ఎత్తలేదు.

"ఏందమ్మా, చెప్పు పట్టుకొని ఆడుతున్నవ్? ఎవలిని కొడదామని?"

అక్క బంతి మీద నుంచి చూపు తిప్పలేదు. "ఇంక అనుకోలే కాకా. గీత దాటి ఎవలొస్తే వాళ్లకే."

కాకా ఒక అడుగు వెనక్కి వేశాడు. అత్తమ్మ పగలబడి నవ్వింది. పాప మాత్రం నవ్వలేదు. ఒంటికాలి మీద బెంచీ ఎక్కి నిలబడి, మొహం ఎర్రగా చేసుకుని, మైదానమంతా వినపడేలా అరుస్తోంది.

"పెద్దమ్మా, అది నా చెప్పు! నాకియ్యి!"

"ఆగవే, ఆట కానీ," అన్నది అక్క, చెప్పున్న చెయ్యి పైకెత్తి, వెనక్కి వెనక్కి పోతూ.